వెనక్కి జరిపిన సీటు

కారు డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆర్పడమే పనైతే దానికి వహీద్ అక్కర్లేదు. కామారెడ్డిలో ఎల్లారెడ్డి రోడ్డు పట్టుకుని నడిస్తే ఆ పని చేసేవాళ్ళకు కొదువే లేదు. మీటరు ఊడదీసి, వెనక ఉన్న చిన్న బల్బు పీకి సేటు చేతిలో పెడతారు. సేటు సంతోషంగా పోతాడు. రేపు ఎక్కడో లారీకి గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోతే అది నుదుటి రాత. బల్బు పీకినవాడి పేరు ఎవరికీ గుర్తు రాదు.

ఈ పద్ధతంటే వహీద్‌కు ఒళ్ళు మంట. సౌదీలోని దమ్మామ్‌లో చాలా ఏళ్ళు గ్యారేజీలో కార్ల కరెంటు పని చేసి వచ్చినవాడు. ఇక్కడి దారి మీద ఎయిర్‌బ్యాగులున్న కార్లు ఇప్పుడిప్పుడే పాతవై సెకండ్ హ్యాండులో వస్తున్నాయి గానీ, అక్కడ వాటి మధ్యనే తెల్లారేది. అక్కడ ఒక బెంగాలీ మనిషి తొందరపడి ముట్టరాని పసుపు వైరు ముట్టుకుని, ఎయిర్‌బ్యాగు పేలి, దవడ విరగ్గొట్టుకోవడం కళ్ళారా చూశాడు. అప్పట్నుంచి ఆ పసుపు వైర్లంటే వహీద్‌కు భయమే. భయం ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి కాదు.

2012 కార్తీకం, చలి అప్పుడే ముదురుతోంది. ఎల్లారెడ్డిలో మక్కజొన్నల వ్యాపారం చేసే రాజయ్య సేటు ఒక మంగళవారం పొద్దున తన పాత కారులో వెనక సీట్లో కూర్చుని వహీద్ షాపుకు వచ్చాడు. హైదరాబాద్‌లో వాడిన బండి. ఎయిర్‌బ్యాగులున్నాయనే ఏరికోరి కొన్నాడు. అంతకుముందు ఏడాది హైవే మీద ఆయన తోడల్లుడు కారులో పోతూ పోతూనే పోయాడు. అప్పట్నుంచి రాజయ్య భార్య లక్ష్మీనర్సమ్మకు బండంటేనే గుండెదడ. ఇప్పుడు డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం ఎర్రగా వెలిగి కూర్చుంటే ఆమె ఆ కారు గుమ్మం తొక్కనంటోంది.

"ఇగో, ఈడే ఖరాబు చేసిండు," అన్నాడు రాజయ్య దిగుతూనే, డ్రైవరు వైపు గడ్డం చూపించి.

డ్రైవరు హరిచంద్ గాంధారి దిక్కు తండా మనిషి. పొట్టివాడు. స్టీరింగుకు ఛాతీ దాదాపు ఆనేలా కూర్చుని నడుపుతాడు. సేటు తిడుతుంటే అతను అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని మళ్ళీ తుడుస్తున్నాడు. పైపు పెట్టి బండి లోపల కూడా కడిగాడనీ, నీళ్ళు వైర్లలోకి పోయాయనీ సేటు వాదన. తాను లోపల తడిగుడ్డతో తుడిచానే తప్ప పైపు పెట్టలేదని హరిచంద్ ఒక్కసారి అన్నాడు. సేటు విననట్టు ముఖం తిప్పుకున్నాక మళ్ళీ అనలేదు.

రాజయ్య వహీద్‌ను పక్కకు పిలిచి అసలు మాట చెప్పాడు. దీపం ఆర్పాలి, అది ఎలాగైనా సరే. డ్రైవరుదే తప్పని వహీద్ నోట ఒక్క మాట రావాలి. శుక్రవారం వస్తాడు, బండి తీసుకుంటాడు, అది ఇల్లు చేరగానే హరిచంద్‌ను పంపేస్తాడు.

"తప్పు ఎవలదో ఆ దీపమే చెప్తది సేటు," అన్నాడు వహీద్. "అది చెప్పిందే నేను చెప్త. ఒకటి ఎక్కువ చెప్ప, ఒకటి తక్కువ చెప్ప."

రాజయ్యకు స్టీరింగు పట్టడం రాదు. బండినీ డ్రైవరునూ అక్కడే వదిలి, గొణుక్కుంటూ ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

బస్సు కనుమరుగయ్యాక హరిచంద్ గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ నౌకరి పోతే ఇక తాను, పెళ్ళాం లచ్చి చెరకు కొట్టే గుంపుతో మహారాష్ట్ర పోవలసిందేనని అన్నాడు. కూలీలను కుదుర్చుకునే ముకద్దం ఇప్పటికే తండాకు వచ్చి జంటలను మాట్లాడుకుంటున్నాడట. పోతే బిడ్డను కూడా వెంట తీసుకుపోవాలి, రేఖ బడి అంతటితో ఖతం. ఏడుపు గొంతుతో ఏమీ చెప్పలేదు. ఎవరో వేరేవాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడు. అలా చెప్పడమే వహీద్‌కు ఎక్కువ గుచ్చుకుంది. ఇతని తప్పు కాదని తేల్చి తీరాలని అక్కడికక్కడే పట్టుబట్టాడు.

ముందు మెడలోంచి టెస్టు బల్బు తీసి మేకుకు తగిలించాడు. ఆటో ఎలక్ట్రీషియన్‌కు అది మూడో చెయ్యి. రెండు వైర్లు, ఒక బల్బు. ఎక్కడ కరెంటుందో అక్కడ ముట్టించి చూస్తారు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఈ రోడ్డు మీద అందరిదీ అదే అలవాటు. కానీ ఆ బల్బులోంచి పారే కరెంటు చాలు, ఎయిర్‌బ్యాగు పేలడానికి. పసుపు వైరు దగ్గర అది పనిముట్టు కాదు, అగ్గిపుల్ల.

హరిచంద్‌ను దూరంగా నిలబెట్టాడు. తాను తలుపు బయటే నిలబడి, చెయ్యి మాత్రం లోపలికి చాచి తాళంచెవి తిప్పాడు. స్టీరింగు కింద ఉన్న సాకెట్లో రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపాడు. ఇలాంటి కార్లలో ఆ దీపమే తన రోగం తాను చెబుతుంది. వెలిగి ఆరుతూ, ఆరి వెలుగుతూ. వహీద్ కళ్ళు చికిలించి ఆ మిణుకులు లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ ఒకసారి చూశాడు. రోగం బ్యాగుల్లో లేదు. డ్రైవరు సీటు పక్కన, బెల్టు గుచ్చే ముక్కు దగ్గర ఉంది. గుద్దినప్పుడు బెల్టును బిగించి మనిషిని వెనక్కి లాగిపట్టేది అదే. అందులోనూ బ్యాగులో ఉండేలాంటి పేలుడు మందే ఉంటుంది. దాని వైరు సీటు కిందనుంచి వస్తుంది.

తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి గుడ్డ చుట్టాడు. ఆ తర్వాత ఏమీ చెయ్యకుండా చాయ్ హోటల్‌కు నడిచాడు.

పక్క షాపు బాలయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. అతనూ ఎలక్ట్రీషియనే. "ఏంది వహీద్ భాయ్, బాంబు దించుతున్నవా?" అన్నాడు.

"బాంబే," అన్నాడు వహీద్, బెంచీ మీద కూర్చుంటూ.

బ్యాటరీ తీసేసినా బ్యాగులను పేల్చే డబ్బాలో కాస్త కరెంటు దాగి ఉంటుందనీ, అది దిగేదాకా ఆగాలనీ బాలయ్యకు చెప్పి చూశాడు. బాలయ్య తల ఊపి, తానైతే ఈపాటికి బల్బు పీకి రెండో బండి పట్టుకునేవాణ్ణని చెప్పి పోయాడు. వహీద్ చాయ్ నిదానంగా తాగాడు. ఇంకొకటి తెప్పించి హరిచంద్‌కు ఇచ్చాడు.

తిరిగి వచ్చి, ముందు కారు ఇనుము మీద అరచెయ్యి ఆనించి, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ దిగాక సీటు కింద చెయ్యి పెట్టాడు. వేళ్ళతో తడుముతూ పసుపు కనెక్టరును పట్టుకుని, గొళ్ళెం నొక్కి విడదీశాడు. తడి లేదు, తుప్పు లేదు. నీళ్ళు పోయిన గుర్తే లేదు. ఆ మాట అనగానే హరిచంద్ ముఖం కొద్దిగా తెరిపిన పడింది.

బెల్టు ముక్కు ఉండాల్సిన చోట డబ్బాను నమ్మించే చిన్న రెసిస్టరు తునక తగిలించాడు. ఇదే తునకను జీవితాంతం వదిలేసి దగా చేసేవాళ్ళున్నారు. వహీద్ దాన్ని పరీక్షకే వాడతాడు. బ్యాటరీ పెట్టి, డబ్బా గుర్తుపెట్టుకున్న పాత రోగం లెక్క తుడిపి, మళ్ళీ బయటినుంచే తాళంచెవి తిప్పాడు. దీపం వెలిగి, ఆరిపోయింది. వైరు కదిలించాడు, ఆరే ఉంది. సీటు ముందుకు జరిపాడు, మధ్యకు జరిపాడు. దీపం పలకలేదు. పొద్దు గూకేదాకా దానితోనే కుస్తీ పట్టాడు గానీ అది దొంగలా తప్పించుకుంది. అన్నీ మళ్ళీ ఊడదీసి, బ్యాటరీ వైరు తీసి, రెసిస్టరు తునకను అలాగే వదిలి, రేపు చూద్దామన్నాడు. తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. తలుపులకు మాత్రం తాళం వెయ్యలేదు. బస్టాండు దగ్గర చిన్నాయన కొడుకు ఉన్నాడనీ, రాత్రికి అక్కడికే పోతాననీ హరిచంద్ చెప్పాడు.

పొద్దున నమాజు అయ్యాక వహీద్ మసీదు నుంచి నేరుగా షాపుకు వచ్చాడు. కారు అద్దాలన్నీ లోపలినుంచి తెల్లగా చెమ్మ పట్టి ఉన్నాయి. అరచేత్తో బయటినుంచి తుడిచినా పోలేదు. తలుపు తీశాడు.

హరిచంద్ చెప్పులు కింద విడిచి, చద్దరు తలదాకా కప్పుకుని పడుకున్నాడు. డ్రైవరు సీటు పట్టాల మీద చిట్టచివరిదాకా వెనక్కి జరిగి, వెల్లకిలా పరుచుకుని ఉంది. వహీద్ అతన్ని లేపలేదు. మోకాళ్ళ మీద కూర్చుని సీటు కిందికి చూశాడు. నిన్న తాను వదులుగా వేలాడేసిన పసుపు వైరు ఇప్పుడు బిర్రుగా లాగి ఉంది. రెసిస్టరు తునక ఒక కాలు ఊడి వేలాడుతోంది.

తనమీద తనకే కోపం వచ్చింది. నిన్న సీటును మధ్యదాకానే జరిపి చూశాడు. ఈ పొట్టి మనిషి నడిపే సీటు అంత వెనక్కి ఎందుకు పోతుందని, ఆ చివర చూడనే లేదు. పట్టాల మీద వేలు పెట్టి చూస్తే తెలిసేది. ముందు వైపు ఎంత నునుపుగా ఉన్నాయో, వెనక కొస కూడా అంతే నునుపుగా అరిగి ఉంది.

హరిచంద్ ఉలిక్కిపడి లేచాడు. వహీద్ తిట్టిన తిట్లు ఇక్కడ రాసేవి కావు. నిన్న పొద్దంతా వట్టిగా తిప్పలు పెట్టావని, చిన్నాయన కొడుకని అబద్ధమాడావని, చెడామడా దులిపాడు. హరిచంద్ తల వంచుకుని అంతా విని, చద్దరు మడుచుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపెట్టాడు.

కారు కొన్నప్పుడు గోదాములో పడుకోమన్నాడు సేటు. దసరా తర్వాత మక్కలు దిగాయి, గోదాము కప్పుదాకా నిండింది. సేటు ఇంటి వరండాలో నడుం వాలిస్తే, ఆడవాళ్ళు తిరిగే చోట వద్దని లక్ష్మీనర్సమ్మ చెప్పింది. తండాకు పోదామంటే పొద్దూకాక ఆటోలుండవు, సేటుకేమో తెల్లారకముందే బండి తియ్యాలి. దాంతో కారే ఇల్లయింది. కారులో పడుకుంటే వాసన పడుతుందని సేటు ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

"ఎల్కలు కొరికినయని చెప్పు భాయ్," అన్నాడు హరిచంద్ చివరికి. "గోదాం పక్కన బండి. ఎవలైన నమ్ముతరు."

ఎవరైనా నమ్ముతారన్నది నిజమే. ఎంత సులువైన అబద్ధమంటే వహీద్‌కు ఒక్క క్షణం నోరూరింది. కానీ ఎలుకలంటే సేటు మందు పెడతాడు, ఇతను మళ్ళీ ఆ సీట్లోనే పడుకుంటాడు. వైరు మళ్ళీ తెగుతుంది, దీపం మళ్ళీ వెలుగుతుంది. అప్పుడు బాలయ్య దగ్గరికి పోతారు, బల్బు పోతుంది. ఎప్పుడో హైవే మీద గుద్దినప్పుడు ఆ బెల్టు బిగుసుకోదు. ఆ సీట్లో ఉండేది సేటు కాదు.

"అది నీ సీటు," అన్నాడు వహీద్. "నీ పానానికి పెట్టిన బెల్టు. దాని మీద నేను అబద్ధం చెప్ప."

"నౌకరి పోయినంక పానం ఏం చేసుకోను?"

వహీద్ కోపంగా స్పానర్లు సర్దాడు. వైరు లోపల తెగి, వదులుగా ఉంటే అంటుకుని, లాగితే విడిపోతోంది, పిన్ను వంగింది. దాన్ని మెలిపెట్టి టేపు చుట్టడం కుదరదు, కొత్త వైరు కట్ట కావాలి. హైదరాబాద్‌కు ఫోను చేసి బస్సు పార్సిల్‌లో పంపమన్నాడు. రాత్రికి షాపులో బెంచీ మీద పడుకోమని హరిచంద్‌కు షాపు తాళంచెవి ఇచ్చి ఇంటికి పోయాడు.

ఆ పూట అన్నం ముందు కూర్చున్నా మెతుకు దిగలేదు. నూరున్నీసా రెండుసార్లు చూసి ఏమైందని అడిగింది. పెళ్ళాం దగ్గర దాచే అలవాటు లేదు గనుక మొత్తం చెప్పాడు. చెబుతూ చెబుతూ, నిజం చెబితే ఆ మనిషి మునుగుతాడు, అబద్ధం చెబితే చస్తాడు, నన్నేం చెయ్యమంటావని ఆమె మీదే అరిచాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు.

నూరున్నీసా పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది. "అబద్ధం చెప్పకు," అంది. "సగం నిజం గూడ చెప్పకు. కార్ల పండిండు అన్నది సగమే గదా. ఎందుకు పండిండో, అది గూడ నిజమే గదా. రెండూ చెప్పు."

వహీద్ రొట్టె తుంచాడు. ఇంత చిన్న సంగతి పొద్దుటినుంచి తనకెందుకు తట్టలేదని విసుక్కున్నాడు గానీ, ఆ పూట కడుపునిండా తిన్నాడు.

గురువారం సాయంత్రం పార్సిలు వచ్చింది. బిగించవచ్చు, కానీ వహీద్ బిగించలేదు. రాజయ్య కళ్ళతో చూశాకే పాత వైరు తీస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. తాను చేయబోయేది హరిచంద్‌కు ముందే చెప్పాడు. ఎలుకల మాట రాదని, గోదాము మాట కూడా వస్తుందని.  హరిచంద్ లేచి వెళ్ళి కారు నాలుగు చక్రాలూ కడిగి వచ్చాడు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేసరికి రాజయ్య షాపు ముందు నిలబడి ఉన్నాడు. దీపం ఆరిందా అన్నదే మొదటి మాట. వహీద్ ఆయన్ని సీటు పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు. ధోవతి ఎగ్గట్టుకుని, కష్టంగా, మక్కల సేటు ఆ సిమెంటు మీద గొంతుకూర్చున్నాడు. బెల్టు ముక్కు స్థానంలో కొత్త రెసిస్టరు తునక ఉంది, ఏదైనా జరిగినా పేలేది లేదు. వహీద్ బయటినుంచి తాళంచెవి తిప్పాడు. దీపం వెలిగి ఆరింది.

"ఇప్పుడు మీరే సీటు ఎనుకకు జరుపుండ్రి సేటు. కడదాక."

రాజయ్య కింది కడ్డీ ఎత్తి సీటు తోశాడు. అది మధ్య దాటింది, ఇంకా పోయింది, చివర టక్కున ఆగింది. పసుపు వైరు బిగుసుకుంది. డాష్‌బోర్డు మీద దీపం ఎర్రగా వెలిగి నిలిచింది.

నీళ్ళు పోలేదనీ, వైరు ఇలా రోజూ లాగి లాగి తెగిందనీ వహీద్ చెప్పాడు. ఇంత వెనక్కి ఎవరు జరుపుతారని రాజయ్య అడగనే అడిగాడు. రాత్రిళ్ళు ఇందులో మనిషి పడుకుంటున్నాడని వహీద్ చెప్పాడు.

రాజయ్య మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ముఖం జేవురించింది. "ఇగ చూసినవా! వద్దని చెప్పిననా లేదా? ఈడే చేసిండు గదా మరి!"

"ఈయననే చేసిండు," అన్నాడు వహీద్. "ఎందుకు చేసిండో గూడ ఇనుండ్రి. అది గూడ మరమ్మతుల ఒక భాగమే. చెప్పు హరిచంద్."

హరిచంద్ ముందుకు వచ్చాడు. చేతులు కట్టుకోలేదు. గోదాము నిండటం, వరండాలో వద్దనడం, ఆటోలు లేకపోవడం, తెల్లారకముందు బండి తియ్యడం, అన్నీ చెప్పాడు. గొంతు పెంచకుండా, చెరకు గుంపు సంగతి చెప్పిన తీరులోనే చెప్పాడు. చివర ఒక్క మాట అడిగాడు.

"నేను యాడ పండాలె సేటు?"

రాజయ్య వహీద్‌ను చూశాడు. బాలయ్య తన షాపులోంచి చూస్తున్నాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. సేటు అరిచాడు. రోడ్డు మీద చెయ్యూపితే వంద మంది డ్రైవర్లు వస్తారన్నాడు.

"వస్తరు," అన్నాడు వహీద్. "ఆ వంద మందిల ఎవలొచ్చినా రాత్రికి పండాల్సిందే గదా సేటు."

 వహీద్ ఇక వాళ్ళిద్దర్నీ వదిలేసి పనిలోకి దిగాడు. బ్యాటరీ తీసి, గుడ్డ చుట్టి, ఎవరెంత తొందరలో ఉన్నా సరే, ఆగవలసినంత సేపు ఆగాడు. సేటుకు కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. రాజయ్య చాయ్ ముట్టలేదు. తర్వాత కొత్త వైరు కట్ట వేసి, సీటు ఎంత జరిగినా లాగకుండా వదులు ఉంచి, పట్టీతో కట్టి, రెసిస్టరు తునక పారేసి, బెల్టు ముక్కుకు కనెక్టరు టక్కుమనేదాకా నొక్కి, బ్యాటరీ మళ్ళీ తగిలించాడు. బయటినుంచి తాళంచెవి తిప్పాడు. పాత లెక్క తుడిపాడు. దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలగలేదు. సీటు ముందుకూ వెనక్కూ ఎంత తోసినా వెలగలేదు.

తాళంచెవి తీసి హరిచంద్ చేతిలో పెట్టాడు.

హరిచంద్ దాన్ని ఒకసారి చూసుకున్నాడు. నాలుగు అడుగులు నడిచి వెళ్ళి బానెట్ మీద, నడిమధ్యలో పెట్టాడు.

"పండనీకి జాగ చూపెట్టుండ్రి సేటు. అప్పుడు తీసుకుంట."

 వహీద్ నిజమే చెప్పాలనుకున్నాడు గానీ ఇంతదూరం పోతుందనుకోలేదు. చెరకు గుంపు ముకద్దం తండాలో ఇంకా జంటలు వెతుకుతూనే ఉన్నాడు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడే ఆ తాళంచెవి అక్కడ పెట్టాడు. 

రాజయ్య తాళంచెవిని చూశాడు. రోడ్డు వైపు చూశాడు. ఎల్లారెడ్డి బస్సొకటి ఆగి, కండక్టరు కేకేసి, కదిలిపోయింది. సేటు దాన్ని ఆపలేదు. కాసేపటికి సెల్ ఫోను తీసి, వాళ్ళకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఆఁ, నేనే. గోదాముల వాకిలి దిక్కు సంచులున్నయి గద, అవి జరపనీకి హమాలీలను పిలువు... ఇయ్యాల్నే. నేనొచ్చే లోపల... ఓ మంచమెయ్యి. ఆఁ, మంచమే." అవతల లక్ష్మీనర్సమ్మ చాలాసేపు మాట్లాడింది. సేటు వింటూ చెప్పుతో నేల గీకాడు. "ఎవలికి అంటవేంది? మన డ్రైవరుకు. రేపు నువ్వు ఎక్కే బండి నడిపేది ఆయననే గదా. రాత్రి నిద్రలేనోడు నడిపితే ఎక్కుతవా?"

ఫోను జేబులో పెట్టుకుని ఇటు తిరిగాడు గానీ ఎవరి కళ్ళలోకీ చూడలేదు. నడుద్దామా అన్నట్టు చెయ్యి ఊపాడు.

హరిచంద్ కదలలేదు. "గోదాం చాబి నాకొకటి కావాలె సేటు. మీరు పండుకున్నంక వచ్చి లేపుడు నాకు మంచిగనిపియ్యది."

 రాజయ్య మొలలోని తాళాల గుత్తి తీసి, గోళ్ళతో రింగు విడదీసి, అందులోంచి ఒకటి ఊడబెరికాడు. దాన్ని తీసుకెళ్ళి బానెట్ మీద కారు తాళంచెవి పక్కన పెట్టి, వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు.

హరిచంద్ రెండూ తీసుకున్నాడు.